రోడ్డు లేని లాడ్జ్: లెకాంట్ కొండ మీద ఒక బకెట్టు లెక్క

లాంగ్ వీకెండ్ వచ్చిందంటే అట్లాంటా, షార్లెట్, నాష్‌విల్ వైపు ఉండే మన తెలుగువాళ్ళ కార్లు చాలావరకు గాట్లిన్‌బర్గ్ దారి పడతాయి. నాలుగు కుటుంబాలు కలిసి ఒక పెద్ద క్యాబిన్ అద్దెకి తీసుకుంటాం. రైస్ కుక్కరు, పులిహోర, కూలర్లో పెరుగు డబ్బాలు వెంట వస్తాయి. క్యాబిన్లో హాట్ టబ్, పూల్ టేబుల్, పిల్లలకి థియేటర్ రూమ్ ఉంటాయి. గోడలకి దుంగలు కనిపిస్తాయి కాబట్టి దాన్ని ప్రకృతి ఒడిలో ఇల్లు అంటారు. తప్పేం లేదు, మేమూ అలాగే వెళ్ళాం, బాగానే ఉంటుంది.

అదే స్మోకీ కొండల్లో దాదాపు వందేళ్ళ నుంచి ఇంకో రకం లాడ్జ్ ఉంది. పేరు లెకాంట్ లాడ్జ్. సముద్ర మట్టానికి సుమారు 6,400 అడుగుల ఎత్తున, మౌంట్ లెకాంట్ శిఖరానికి కాస్త కింద, దుంగలతో కట్టిన చిన్న చిన్న గదులు. గదుల్లో కరెంటు లేదు. షవర్ లేదు. టీవీ, ఫ్రిజ్, చార్జింగ్ ప్లగ్గు ఏవీ లేవు. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడికి రోడ్డు లేదు. వెళ్ళాలనుకుంటే నడవాలి. అయినా అక్కడ మంచం దొరకాలంటే నెలల ముందు అర్జీ పెట్టుకోవాలి.

మినిమలిజం అనే మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. తెల్ల గోడలు, ఒకే ఒక్క కుర్చీ, ఖరీదైన పూల కుండీ. లెకాంట్‌లో ఉన్నది ఆ రకం కాదు. అక్కడ ప్రతి వస్తువూ ఉండాలా వద్దా అన్నది అందం కాదు, బరువు తేలుస్తుంది. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను. పిల్లలు పుట్టాక ఉద్యోగం చెయ్యలేదు గానీ, చూసిన ప్రతిదానికీ లెక్క వేసే అలవాటు మాత్రం పోలేదు. ఈ లాడ్జ్ డిజైన్ నాకు నచ్చింది కూడా ఆ లెక్క వల్లే.

పార్కు కంటే లాడ్జే పెద్దది

1920లలో స్మోకీ కొండల్లో చాలా భాగం కలప కంపెనీల చేతిలో ఉండేది. అడవులు వరసగా నరికేస్తున్నారు. మిగిలినదాన్నైనా నేషనల్ పార్కు చేసి కాపాడాలని కొందరు ఉద్యమం మొదలుపెట్టారు. పార్కు చెయ్యాలంటే పెద్దవాళ్ళు ఆ చోటు చూడాలి, చూసి ఒప్పుకోవాలి. వాళ్ళు కొండెక్కితే రాత్రి ఉండటానికి ఏదో ఒకటి కావాలి. అలా 1925లో పాల్ ఆడమ్స్ అనే యువకుడు శిఖరం దగ్గర ఒక చిన్న మకాం వేశాడు. మరుసటి ఏడాది, 1926లో, గాట్లిన్‌బర్గ్‌లో హోటల్ నడిపే కుటుంబానికి చెందిన జాక్ హఫ్ దాన్ని చేతిలోకి తీసుకుని దుంగల గదులు కట్టడం మొదలుపెట్టాడు. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు ఏర్పడింది 1934లో. అంటే పార్కు కంటే లాడ్జ్ వయసులో పెద్దది.

జాక్ హఫ్ గురించి ఒక సంగతి ఆ ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. ఆయన తల్లికి కొడుకు కడుతున్న చోటు చూడాలని ఉండేది గానీ అంత దూరం ఎక్కే ఓపిక లేదు. కొడుకు ఒక కుర్చీకి పట్టీలు బిగించి, అమ్మని అందులో కూర్చోబెట్టి, వీపుకి తగిలించుకుని కొండ ఎక్కించాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. కొడుకు ముందుకి చూస్తూ నడుస్తుంటే తల్లి వెనక్కి తిరిగి కూర్చుని ఉంటుంది. మన కళ్ళకి అది వెంటనే శ్రవణకుమారుడి కావడిలా కనిపిస్తుంది.

గత సెప్టెంబర్లో మేం వెళ్ళినప్పుడు మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి మాతో ఉన్నారు. ఆవిడ వయసులో ఉన్నప్పుడు తిరుమల మెట్ల దారి మూడుసార్లు ఎక్కిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. మావారు ఆవిడతో కింద గాట్లిన్‌బర్గ్‌లో ఉండిపోయారు. నేనూ, పన్నెండేళ్ళ మా అమ్మాయి, మాతో వచ్చిన ఇంకో కుటుంబం పైకి వెళ్ళాం. బయల్దేరే ముందు రోజు ఆవిడకి ఫోన్లో ఆ ఫోటో చూపించాను. నవ్వి, మావారి వైపు తిరిగి, "ఏరా, నన్నూ అలా మోస్తావా?" అన్నారు. తర్వాత నాతో, "అమ్మాయ్, ఇంత పెద్ద దేశానికి ఆ కొండ మీదికి రోడ్డు వేసుకోవడానికి డబ్బుల్లేవా? వేస్తే నాలాంటివాళ్ళు కూడా చూస్తారు కదా?" అని అడిగారు.

అది సరదా ప్రశ్న కాదు. లాడ్జ్ డిజైన్ అంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడి ఉంది. జవాబు చెప్పాలంటే ముందు రోడ్డు లేకపోవడం వల్ల అక్కడ ఏమేం మారాయో చూడాలి.

బరువే ఆర్కిటెక్టు

పైకి వెళ్ళడానికి ఐదు కాలిదారులు ఉన్నాయి. ఆలమ్ కేవ్, రెయిన్‌బో ఫాల్స్, బుల్‌హెడ్, ట్రిలియమ్ గ్యాప్, బులెవార్డ్. అన్నిటికంటే దగ్గరి దారి ఆలమ్ కేవ్. ఒకవైపు ఐదు మైళ్ళ పైచిలుకు, అంటే 8 కిలోమీటర్లు దాటుతుంది. మన అలిపిరి మెట్ల దారి సుమారు 9 కిలోమీటర్లు. దూరంలో రెండూ దగ్గర దగ్గరే గానీ ఇక్కడ మెట్లు లేవు, పైన కప్పు లేదు, దారిలో మజ్జిగ లేదు. కొన్ని చోట్ల రాతి అంచు మీద నడుస్తూ, గోడకి బిగించిన ఉక్కు తాడు పట్టుకోవాలి.

ఈ దారుల మీద సరుకు ఎలా వెళ్తుంది? రెండు మార్గాలు. ఏడాదికోసారి, మార్చిలో లాడ్జ్ తెరిచే ముందు, హెలికాప్టర్లో బరువైనవి చేరుస్తారు: ప్రొపేన్ గ్యాస్, పిండి, పంచదార, డబ్బా ఆహారం లాంటివి. ఆ తర్వాత సీజన్ అంతా వారానికి మూడు రోజులు లామాలు మోస్తాయి. ఉతికిన దుప్పట్లు, తాజా సరుకులు పైకి, మాసిన దుప్పట్లు, చెత్త కిందికి.

లామా ఒంటె జాతికి చుట్టం, దక్షిణ అమెరికా జంతువు. 1986 నుంచి ఇక్కడ వాటిని వాడుతున్నారు. గుర్రాన్ని కాదని లామాని ఎంచుకోవడానికి కారణం పాదం. గుర్రానిది గట్టి డెక్క, దానికి ఇనుప లాడం, పైగా బరువైన ఒళ్ళు. అంత బరువూ చిన్న వైశాల్యం మీద పడితే పీడనం ఎక్కువ, తడి మట్టి తెగిపోతుంది. వర్షం వస్తే ఆ గుంటల్లోంచే నీళ్ళు పారి దారి కోసుకుపోతుంది. లామా తేలికైన జంతువు, పాదం కింద మెత్తటి తోలు దిండులా ఉంటుంది. ఎనిమిదో తరగతి పాఠంలోని పీడనం సూత్రాన్ని ఒక కొండదారి మీద చూడాలంటే ఇదే ఉదాహరణ.

ఇక షవర్ సంగతి. ఎందుకు పెట్టలేదో నేను కాగితం మీద వేసిన లెక్క చూడండి. షవర్ నిమిషానికి 2 గ్యాలన్లు పోస్తుందనుకుందాం. పది నిమిషాలకి 20 గ్యాలన్లు. రాత్రికి సుమారు 60 మంది అతిథులు, కాబట్టి 1,200 గ్యాలన్లు. గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, అంటే మొత్తం పది వేల పౌండ్ల నీళ్ళు. ఊట నీళ్ళు 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉంటే వాటిని 105కి తేవాలి, 60 డిగ్రీలు పెంచాలి. ఒక పౌండు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక బీటీయూ వేడి కావాలి. మొత్తం 6 లక్షల బీటీయూలు. ఒక గ్యాలన్ ప్రొపేన్ ఇచ్చేది సుమారు 91,500 బీటీయూలు. వృథాగా పోయే వేడి కూడా కలిపితే రాత్రికి 8 గ్యాలన్ల ప్రొపేన్. సీజన్లో 240 రాత్రులు అనుకుంటే 1,900 గ్యాలన్ల పైమాట, బరువు దాదాపు 8,000 పౌండ్లు. సిలిండర్ల బరువు ఇందులో లేదు. ఇదంతా హెలికాప్టర్లో రావాలి. పైగా రోజుకి 1,200 గ్యాలన్ల సబ్బు నీళ్ళు ఆ శిఖరం మీది పల్చటి మట్టిలోకి వెళ్ళాలి.

అందుకని అక్కడ ఉన్నది బకెట్టు. ప్రతి గదిలో ఒక బకెట్టు, ఒక బేసిన్. బయట కుళాయి దగ్గర వేడి నీళ్ళు పట్టుకుని తెచ్చుకోవాలి. మనిషికి 2 గ్యాలన్లు చాలనుకుంటే పై లెక్క మొత్తం పదో వంతుకి పడిపోతుంది. మాతో వచ్చిన పిల్లలు బకెట్టు చూసి వింతపడ్డారు. నాకైతే నవ్వొచ్చింది. మన అమ్మమ్మల ఇళ్ళల్లో కాగులో నీళ్ళు కాచి, తలా ఒక బకెట్టు తోడుకుని స్నానం చేసినవాళ్ళమే కదా. తేడా ఏంటంటే ఇక్కడ స్నానాల గది లేదు, తడి గుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే.

మరుగుదొడ్ల గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను: గదుల్లో లేవు, బయట విడిగా ఉన్నాయి. ఫ్లష్ ఉంది. రాత్రిపూట వెళ్ళడానికి టార్చి తీసుకెళ్ళాలి.

చిన్న గది, పెద్ద వరండా

గది లోపల ఉన్నవి లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు దాదాపు సరిపోతాయి. ఒకదానిపై ఒకటి మంచాలు, ఉన్ని దుప్పట్లు, బేసిన్, లాంతరు, ప్రొపేన్ హీటరు. గోడలు మొరటుగా చెక్కిన చెక్క. బయట చిన్న వరండా, దాంట్లో ఊగే కుర్చీలు.

గది ఎందుకంత చిన్నది? పైన చలి ఎక్కువ. గాలి ఎత్తుకి పోయేకొద్దీ సగటున ప్రతి 1,000 అడుగులకి మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున చల్లబడుతుంది. గాట్లిన్‌బర్గ్ సుమారు 1,300 అడుగుల ఎత్తులో ఉంది, లాడ్జ్ 6,400. తేడా 5,100 అడుగులు, అంటే 18 డిగ్రీలు. కింద టీషర్టులో ఐస్‌క్రీం తింటున్న రోజే పైన స్వెట్టర్ కావాలి. అక్కడ ఉష్ణోగ్రత ఎప్పుడూ 80 డిగ్రీలు దాటలేదని లాడ్జ్ వాళ్ళు చెప్తారు. ఇంత చలిలో గది చిన్నదైతే వేడి చెయ్యాల్సిన గాలి తక్కువ, వేడి బయటికి పోయే గోడ వైశాల్యం తక్కువ. ఒక చిన్న హీటరు చాలు. గోడకి చెక్క వాడటంలోనూ లాభం ఉంది. అదే మందం ఉన్న కాంక్రీటు గోడతో పోలిస్తే చెక్క గోడ గుండా పోయే వేడి సుమారు పదో వంతే.

వరండా అలంకారం కోసం కాదు. స్మోకీల ఎత్తైన శిఖరాల మీద ఏడాదికి 85 అంగుళాల వరకు వాన పడుతుంది. మన హైదరాబాద్‌లో పడేదానికి ఇది రెండున్నర రెట్లు. తడిసిన చెక్క ఆరకపోతే బూజు పట్టి కుళ్ళుతుంది. ముందుకి వచ్చిన కప్పు గోడని వానకి దూరంగా ఉంచుతుంది. దాని కింద మనుషులు కూర్చుంటారు. గదిలో చోటు లేదు కాబట్టి బయటికే రావాలి. బయట ఉన్నది కొండ, మేఘం, పక్క వరండాలో కూర్చున్న మనిషి. పెద్ద హాలు, అందులో పెద్ద సోఫా ఉండి ఉంటే మేం ఆ సాయంత్రం హాల్లోనే ఉండేవాళ్ళం. గది చిన్నగా కట్టడంలో ఉన్న తెలివి నాకు అక్కడ కూర్చున్నప్పుడు అర్థమైంది.

భోజనాలు కూడా అంతే. ఒకే డైనింగ్ హాలు, ఒకే వేళ, బల్ల చుట్టూ ముందు పరిచయం లేని వాళ్ళు. సాయంత్రం 6 గంటలకి రాత్రి భోజనం, పొద్దున 8 గంటలకి టిఫిన్. మెనూలో ఎంచుకునేది పెద్దగా ఉండదు, ఎందుకంటే ప్రతి ఎంపికా ఇంకో పెట్టె బరువు. పెద్ద పాత్ర బల్ల మీద పెడతారు, ఒకరికొకరు అందించుకుంటూ తినాలి. మన బంతి భోజనాలకి దగ్గరగా ఉంటుంది.

లాంతరు వెలుగు

చీకటి పడ్డాక గదిలో వెలుగు కిరోసిన్ లాంతరుది. పాత 60 వాట్ల బల్బు సుమారు 800 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. వత్తి లాంతరు అందులో పదో వంతు కూడా ఇవ్వదు. చదవడం కష్టం. కానీ దానివల్ల బయట ఇంకోటి జరుగుతుంది.

మన కంటి రెటీనాలో చీకట్లో చూడటానికి పనికొచ్చే కణాలు వేరే ఉంటాయి. వాటిలో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. గట్టి వెలుగు పడగానే అది విడిపోతుంది. మళ్ళీ పూర్తిగా తయారవడానికి 20 నుంచి 30 నిమిషాలు చీకటి కావాలి. మధ్యలో ఒక్కసారి ఫోన్ స్క్రీన్ చూస్తే చాలావరకు మళ్ళీ మొదటికి వస్తుంది. లాంతరు వెలుగు తక్కువ, అందులో ఎరుపు, పసుపు పాళ్ళు ఎక్కువ, కాబట్టి ఆ కణాల మీద దెబ్బ తక్కువ. చార్జింగ్ ప్లగ్గు లేదు కాబట్టి పిల్లలు ఫోన్లు ఆపి దాచుకున్నారు. మబ్బు విడిపోయిన ఒక గంటలో వాళ్ళు చూసిన చుక్కలు మా సబ్‌డివిజన్లో ఎప్పుడూ కనిపించవు. వాళ్ళకి ఎవరూ ఫోన్ వద్దని చెప్పలేదు. గది కట్టిన తీరే ఆ పని చేసింది.

మరి రోడ్డు వేస్తే?

ఇప్పుడు అత్తయ్యగారి ప్రశ్నకి వద్దాం. దానికి జవాబు అదే పార్కులో ఇంకో శిఖరం మీద ఉంది. కువోహి. 2024 సెప్టెంబరు దాకా దాని అధికారిక పేరు క్లింగ్‌మన్స్ డోమ్, ఆ తర్వాత పాత చెరోకీ పేరు తిరిగి ఇచ్చారు. స్మోకీల్లో అన్నిటికంటే ఎత్తైనది అదే, 6,643 అడుగులు. లెకాంట్ 6,593. తేడా 50 అడుగులే. కువోహికి మాత్రం ఏడు మైళ్ళ రోడ్డు, పెద్ద పార్కింగ్, అక్కడి నుంచి శిఖరం దాకా అర మైలు పేవ్ చేసిన బాట, పైన 1959లో కట్టిన కాంక్రీటు టవరు ఉన్నాయి. అక్కడ ఏడాదికి లక్షలమంది నిలబడతారు. లెకాంట్ మీద రాత్రికి 60 మంది పడుకుంటారు, పగలు నడిచివచ్చినవాళ్ళు చూసి దిగిపోతారు.

రోడ్డు వచ్చాక ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా ఊహించుకోవచ్చు. ట్రక్కు రాగలిగితే బరువు లెక్క పోతుంది. బరువు లెక్క పోతే షవర్ వస్తుంది, షవర్ వస్తే గదికో బాత్రూము, దానికో పైపు, పైపుకో జనరేటరు. అద్దె పెరుగుతుంది, అద్దెకి తగ్గట్టు గది పెరుగుతుంది. పార్కింగ్ కోసం శిఖరం చదును చెయ్యాలి. ఆ శిఖరం మీద ఉన్నవి స్ప్రూస్, ఫర్ చెట్లు. ఇలాంటి అడవి దక్షిణాన ఎత్తైన కొండ కొనల మీదే మిగిలింది. ఫర్ చెట్లని ఐరోపా నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు ఇప్పటికే చాలావరకు చంపేసింది, బూడిద రంగు మోడులు దారిలో కనిపిస్తాయి. వాటి కింద లేత మొక్కలు మళ్ళీ లేస్తున్నాయి. వాటి మీద కంకర పొయ్యడం ఎవరికీ పెద్ద పని కాదు, తర్వాత తియ్యడమే కష్టం.

ఇదంతా చెప్పాక కూడా ఒక మాట మిగిలిపోతుంది. రోడ్డు లేకపోవడం గొప్ప అని మనం సులువుగా అనకూడదు. తిరుమలకి 1944లో ఘాట్ రోడ్డు వచ్చింది. అంతకుముందు నడవలేని పెద్దలు డోలీల్లో వెళ్ళేవాళ్ళు. ఆ రోడ్డు వల్లే మన నాన్నమ్మలు, తాతయ్యలు స్వామిని చూడగలిగారు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ ఊళ్ళల్లో రోడ్డు లేక గర్భిణులని డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. అక్కడ రోడ్డు అంటే ప్రాణం. స్మోకీలు కూడా ఎప్పుడూ మనుషుల్లేని అడవి కాదు. చెరోకీలు ఉన్న నేల. పార్కు కోసం ఆ లోయల్లోని రైతు కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

కాబట్టి నాకు తోచిన తేడా ఇది. మనుషులు బతికే చోట రోడ్డు లేకపోవడం అన్యాయం. మనం ఒక రాత్రి గడపడానికి వెళ్ళే చోట, పక్క శిఖరానికి రోడ్డు ఉండగా, ఒక శిఖరాన్ని రోడ్డు లేకుండా వదిలెయ్యడం మాత్రం ఒక నిర్ణయం. ఆ నిర్ణయానికి ఖర్చు ఉంది. ఆ ఖర్చు కట్టేది అత్తయ్యగారి లాంటివాళ్ళు, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. హెలికాప్టరు తాగే ఇంధనం కూడా ఆ ఖర్చులోదే. లెకాంట్ లాడ్జ్ ఏ మచ్చా లేని చోటు అని నేను అనను. తన ఖర్చు ఎంతో కనిపించేలా కట్టిన చోటు అంటాను. మన ఇళ్ళల్లో గోడలోంచి వేడి నీళ్ళు వస్తాయి, వాటి బరువు మనకి తెలియదు. అక్కడ బకెట్టు మోసుకొచ్చేటప్పుడు తెలుస్తుంది.

ఇదే మాట అత్తయ్యగారితో చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే కువోహికి తీసుకెళ్ళండి" అన్నారు. మరుసటి రోజు మధ్యాహ్నం వెళ్ళాం. అర మైలు బాట బాగా ఏటవాలు, సగంలో బెంచీ మీద ఆగిపోయారు. అక్కడి నుంచే మేఘాలు కింద కనిపించాయి. మా అమ్మాయి దూరంగా లెకాంట్ ఎటువైపో వేలు పెట్టి చూపించింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి

లాడ్జ్ మార్చి చివరి నుంచి నవంబరు దాకా తెరిచి ఉంటుంది. అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి మరుసటి సీజన్ గదులకి ముందు ఏడాది శరదృతువులోనే లాటరీ పద్ధతిలో అర్జీలు తీసుకుంటారు. అక్టోబరు మొదట్లోనే వాళ్ళ వెబ్‌సైట్ చూసుకోండి. రానివాళ్ళు వెయిటింగ్ లిస్టులో పేరు ఉంచుకుంటే వారాల మధ్యలో క్యాన్సిలేషన్లు దొరుకుతాయి. అద్దె గదికి కాదు, మనిషికి. రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ అందులోనే. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే రాసి, ఏం పెట్టగలరో అడిగి తెలుసుకోండి. సరుకు ముందే పైకి వెళ్ళాలి కాబట్టి అక్కడికి చేరాక చెప్తే వాళ్ళ చేతుల్లో ఏమీ ఉండదు.

స్మోకీలకి ప్రవేశ రుసుము లేదు గానీ, 2023 మార్చి నుంచి 15 నిమిషాలు దాటి కారు ఆపితే పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15, ఏడాదికి 40. ఆలమ్ కేవ్ దగ్గర పార్కింగ్ తెల్లవారగానే నిండిపోతుంది.

బట్టల విషయంలో ఒక మాట. మనం కాటన్ మంచిదనుకుంటాం. ఎండలో నిజమే. చలిలో కాటన్ తడిస్తే నీళ్ళు పట్టి ఉంచుతుంది, ఆ నీళ్ళు ఆవిరయ్యేటప్పుడు ఒంటి వేడిని లాగేస్తాయి. 50 డిగ్రీల వాతావరణంలో కూడా తడి బట్టలతో గాలిలో ఉంటే ఒళ్ళు ప్రమాదకరంగా చల్లబడొచ్చు. జీన్స్ వద్దు. ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ వేసుకోండి. రెయిన్ జాకెట్, పొడి సాక్సులు, తలకి పెట్టుకునే టార్చి అందరికీ ఉండాలి, పిల్లలకి కూడా. ఏప్రిల్లో, అక్టోబర్లో పైన మంచు పడొచ్చు.

పచ్చళ్ళు, స్నాక్సులు తీసుకెళ్తే వాటిని గదిలో విప్పి వదలొద్దు. ఆ కొండల్లో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, ఎలుకలు ఇంకా ఎక్కువ. సిబ్బంది చెప్పిన చోటే తిండి పెట్టండి. మీరు మోసుకెళ్ళిన చెత్త మీరే కిందికి తెచ్చుకోవాలి.

సాయంత్రం క్లిఫ్ టాప్స్ అనే రాతి కొనకి వెళ్ళండి, లాడ్జ్ నుంచి దగ్గరే, సూర్యాస్తమయం అక్కడ. తెల్లవారుజామున మిర్టిల్ పాయింట్, కాస్త దూరం, సూర్యోదయం అక్కడ. జాక్ హఫ్, ఆయన భార్య పెళ్ళి చేసుకున్నది 1934లో ఆ రాయి మీదే, సూర్యోదయం వేళ.

పిల్లలు మరీ చిన్నవాళ్ళైతే శిఖరం దాకా వద్దు. సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే గ్రోటో ఫాల్స్ దారికి తీసుకెళ్ళండి. జలపాతం దాకా ఒకవైపు మైలున్నర లోపే. అదే దారిన లామాలు వరసగా మూటలు మోసుకుంటూ పైకి వెళ్తాయి. పక్కకి తప్పుకుని దారి ఇవ్వండి, తాకొద్దు. ఏ మూటలో ఏం ఉండి ఉంటుందో పిల్లల్ని ఊహించమనండి. ఎవరో ఒకరు ఈ రాత్రి కప్పుకోబోయే దుప్పటి అందులో వెళ్తూ ఉంటుంది.